చీనా వాక్యమును గూర్చి మా అనుభవము

మేము చదువుకొన్న పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపవలసినదిగా సంపాదకులు కోరిరి. మా ఉద్యోగకాలమంతయు విశాఖపట్టణపు రేవులో ఓడల ఏజెంట్ల యొద్ద గుమాస్తాగిరిలో గడచినది. ఓడ రేవు చేరగానే కాగితములు చంక నిడుకొని నిచ్చెన యెక్కి, కప్తానును కలిసి, మంచినీళ్లు మొదలు మందుల వరకు వారికేమి కావలెనో కనుగొని వచ్చుట మా పని. అట్టివానిని రేవులో ‘వాటర్ క్లార్కు’ అందురు. వాటర్ క్లార్కు వ్యాకరణమును గూర్చి వ్రాయుటేమని చదువరులు నవ్వవచ్చును. కాని మా బ్రదుకులో మేము చేసిన తప్పులలోకెల్ల పెద్దతప్పు వ్యాకరణపు తప్పే. దానిని చెప్పుటకే ఈ కలము పట్టితిమి.

పాఠశాలలో మాకు తెలుగు బోధించిన పండితులకు చిన్నయసూరి బాలవ్యాకరణము కంఠస్థము. వారు నల్లబల్లమీద రాముడు, రావణుని, చంపెను అను మూడు పదములు వ్రాసి, వానిని ఆరు విధములుగ మార్చి మార్చి చదివించి, “ఎవడు చచ్చెనురా?” అని అడిగెడివారు. ఆరుమార్లును రావణుడే చచ్చెడివాడు. “చూచితిరా! ఇది విభక్తి మహిమ. పదమును ఎక్కడికి ఈడ్చినను దాని పని అది విడువదు” అని మురిసిపోయెడివారు. ఒకనాడు తరగతిలో నెవ్వడో, విభక్తులు లేని భాషలు గలవా అని అడుగగా, పండితులు నవ్వి, “చీనావారికి విభక్తులును లేవు, క్రియారూపములును లేవు, వ్యాకరణమే లేదు” అనిరి. ఆ మాటను మేము ఇరువదియేండ్లు నమ్మితిమి. గురువును తప్పుపట్టుటకు దీనిని వ్రాయుటలేదు. ఆ కాలమున అట్లనుకొన్న పెద్దలు అనేకులు గలరు.

రేవులో చీనా నావికులు తటస్థపడుచుండగా, వారితో ఒకటి రెండు ముక్కలు మాటలాడవలెనను కుతూహలము మాకు కలిగెను. పాతపుస్తకముల బండిమీద, పేకింగు నగరమున అచ్చయిన చీనా ప్రథమపాఠముల పుస్తకమొకటి ఇంగ్లీషు వివరణలతో దొరకెను. మొదటి పాఠములోనే పండితుల ఆరు వాక్యములు మాకు జ్ఞప్తికి వచ్చినవి. ‘వొ’ అనగా నేను. నన్ను అన్నను అదే. ‘థా’ అనగా అతడు. అతనిని అన్నను అదే. ‘తా’ అనగా కొట్టుట. కొట్టితిని, కొట్టెను, కొట్టుదురు అను భేదము దానికి లేదు. ‘వొ తా థా’ అనిన నేను అతనిని కొట్టితిననియు, ‘థా తా వొ’ అనిన అతడు నన్ను కొట్టెననియు అర్థము. పదమునకు తోక లేదు, చోటు మాత్రమున్నది. ఆ చోటు తప్పినచో కొట్టినవాడు దెబ్బలు తినును. పండితులు బల్లమీద చేసిన మార్పులు చీనా భాషలో చేసినచో రావణుడు పలుమార్లు రాముని చంపియుండును. వ్యాకరణము లేకపోవుట అనగా ఇదియా? మన భాషలో పదము చివరనున్న కాపలా అక్కడ పదముల వరుసలో నున్నది, అంతియే.

ఉచ్చారణ విషయమున మనవారికొక సదుపాయము గలదు. తెల్లవారు తమ అక్షరములతో ‘ద’ అని వ్రాయు చీనా ధ్వని నిజముగా మన తకారము. ‘త’ అని వ్రాయునది మన థకారము. ఇంగ్లీషువాడు కష్టపడి నేర్చు భేదము మన పిల్లలు వర్ణమాలలో నేర్చినదే. స్వరములు మాత్రము మనకు కొఱుకుడుపడవు. ‘మా’ అను ఒకే అక్షరమును సమముగ పలికిన తల్లి, పైకెత్తి పలికిన జనుము, దించి యెత్తిన గుఱ్ఱము, బిగ్గరగ దించిన తిట్టు. ఒక నావికుని తల్లి క్షేమమడుగబోయి గుఱ్ఱము క్షేమమడిగినవారము మేము. నీవు అనుటకు వారు ‘నీ’ అందురు. దీనిని చూచి చీనావారును మనవారును ఒక తల్లి బిడ్డలని ఎవరును వ్యాసము వ్రాయకుందురుగాక, అది కాకతాళీయము.

క్రియ వాక్యము నడుమ నుండును గనుక చీనా వాక్యము ఇంగ్లీషును పోలినదని తొలుత తోచును. నాలుగు పాఠములు గడచునప్పటికి ఆ తలంపు చెదరిపోవును. ‘నేను కొన్న పుస్తకము’ అనుటకు ఇంగ్లీషువాడు పుస్తకమును ముందు చెప్పి, తరువాత ‘ఏది నేను కొంటినో’ అని వెనుకకు తిరుగును. చీనావాడు ‘వొ మాయ్ త షు’ అనును: నేను, కొన్న, పుస్తకము. ‘త’ అను ముక్క మన ‘కొన్న’లోని ‘న్న’ చేయు పనియే చేయుచున్నది. నిన్న వచ్చిన మనిషి, చెట్టుక్రింద కూర్చున్న ముసలివాడు – విశేషణమెంత పొడవైనను విశేష్యమునకు ముందే నిలుచును. భోజనమునకు ముందు అనుటకును వారు భోజనమును ముందు చెప్పి ‘ముందు’ను తరువాత చెప్పుదురు, మనవలెనే. ప్రశ్నకు మనము ‘వచ్చితివా’ అని చివర ఆకారమును చేర్చునట్లు వారు చివర ‘మ’ అను ముక్కను చేర్తురు. వంశనామము ముందు, సొంతపేరు వెనుక. మన ఇంటిపేరు వలెనే.

లెక్కించుటలో మఱియొక చుట్టరికము గలదు. మనము మూడు ఆవులందుము గాని మూడు మనుష్యులనము, ముగ్గురు మనుష్యులందుము. మనిషికొక లెక్క, తక్కినదానికొక లెక్క. ఇంతతో మనము నిలిచితిమి. చీనావారు ఆ దారిని చాల దూరము పోయిరి. పుస్తకమునకొక ముక్క, పశువునకొక ముక్క, కాగితము బల్ల మొదలైన పఱపుగల వస్తువులకొక ముక్క. చేప, నది, దారి మొదలైన పొడవైనవానికి ‘థ్యావ్’ అను ముక్క. చేపయు నదియు ఒకే తెగకు చెందుట మాకు మిక్కిలి నచ్చినది.

ఇచట కొంచెము చరిత్ర చెప్పవలసియున్నది, ఏలయన అది మన ఊరికిని సంబంధించినది. క్రాను, దేగ్రాంజి అను ఇరువురు లండను మిషనరీలు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి, ఆనందరాయరు అనువారి సాహాయ్యమున సువార్తలను తెలిగించ నారంభించిరి. క్రాను 1809లోను, దేగ్రాంజి 1810లోను గతించిరి. వారి తెలుగు సువార్తలు 1812లో బెంగాలునందలి శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ సంఘమువారే 1807లో రాబర్టు మారిసను అను నాతనిని చీనాకు పంపిరి. శ్రీరాంపురములో కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఆ సంవత్సరముననే, ఆ ముద్రాశాలనుండియే, మార్షుమను రచించిన చీనా వ్యాకరణమును వెలువడెను. మారిసను 1811లో ముగించి పంపిన చీనా వ్యాకరణము 1815లో అచటనే అచ్చయ్యెను. అనగా తెలుగు విభక్తులును, విభక్తులు లేని చీనా పదములును ఒక కప్పు క్రింద అచ్చుబల్లల కెక్కినవన్నమాట. మార్షుమను మకావులో పుట్టిన లాసరు అను అర్మేనియను యొద్ద చీనా నేర్చినవాడు. చీనాదేశములో నివసించినవాడు కాడు. అయినను చీనా వ్యాకరణమంతయు పదముయొక్క స్థానముమీద ఆధారపడియున్నదని ఆయన ఆ కాలముననే గ్రహించెను. మా పండితులకు ఆ పుస్తకము దొరకియుండినచో ఎంత సంతోషించియుందురో!

చీనావారు మాత్రము తమ భాషకు వ్యాకరణమను పేర పుస్తకము వ్రాసికొనుటకు తొందరపడలేదు. అర్థముగల పదములను ‘నిండు మాటలు’ అనియు, సంబంధమును మాత్రమే తెలుపు ముక్కలను ‘వట్టి మాటలు’ అనియు విభజించి, ఆ వట్టి మాటలకు వివరణములు వ్రాసిరి. పాశ్చాత్యరీతిని సమగ్రమైన వ్యాకరణమును మా చ్యెన్‌చుంగ్ అను పండితుడు 1898లో ప్రకటించెను. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లోనిది. నలువది యేండ్లు మనవారు ముందు. ఇది గర్వింపదగిన విషయమో కాదో మాకు తెలియదు. పాణిని మనవారికి దారి చూపియుండెను, వారికట్టివాడు లేడు.

ఇట్టి వట్టి మాటలలో ‘ల’ అనునది యొకటి. దానివలననే మేము చెడితిమి.

1997వ సంవత్సరము వేసవిలో ఇనుప ఖనిజము నెత్తుకొనుటకు వచ్చిన ఓడలో ఒక చీనా నావికుడు మధ్యాహ్నము సరకుగదిలోని నిచ్చెనమీదనుండి జారిపడి కాలు విఱుగగొట్టుకొనెను. వయసు నలువదియైదుండును, థ్యెన్‌చిన్ రేవువాడు. మేమును, ఇంగ్లీషు వచ్చిన ఓడ అధికారియును అతనిని ఆసుపత్రికి చేర్చితిమి. అధికారి కాగితములకై తిరిగి ఓడకు పోయెను. వైద్యుడు కాలు చూచి, మత్తుమందిచ్చి వెంటనే ఎముక సరిచేయవలెననియు, కడుపులో ఆహారమున్నచో మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చుననియు చెప్పి, “ఇతడేమైన తిన్నాడేమో కనుక్కోండి” అనెను. చుట్టు నర్సులు, ఆయాలు నిలుచుండిరి. ఇన్నాళ్లకు మా చదువు పనికివచ్చినదను గర్వము మాకు లేకపోలేదు.

“నీ ఛి ఫాన్ మ?” అని అడిగితిమి. నీవు, తిను, అన్నము, ఆ?

అతడు నొప్పితో కన్నులు మూసికొనియే చేయి ఊపి, “పు ఛి ల, పు ఛి ల” అనెను.

‘పు’ అనగా కాదు. ‘ఛి’ అనగా తిను. ‘ల’ అనగా భూతకాలమని మేము మనసులో వేసికొన్న గుర్తు. మూడును కలిపి, “తినలేదట” అని చెప్పితిమి. వైద్యుడు దానిని కాగితముమీద వ్రాసికొని లోపలికి పోయెను.

మేము వరండాలోనికి వచ్చి టీ తాగుచు, మా ఘనకార్యమును నెమరువేసికొనుచుండగా, ఆ మూడు పదములు ఒకదానిప్రక్కన నొకటి సరిగ కూర్చుండుటలేదని తోచెను. జరిగిపోయిన పనిని లేదనుటకు చీనాలో ‘పు’ రాదు, ‘మేయ్’ రావలెను. ‘యౌ’ అనగా ఉన్నది, ‘మేయ్‌యౌ’ అనగా లేదు. నాకు పుస్తకము లేదు అనుటకును అదే మాట, నేను తినలేదు అనుటకును అదే మాట. చదువరులారా, చూడుడు: మనమును ‘లేదు’ అను ఆ మాటనే ‘తిన’కు చేర్చి ‘తినలేదు’ అనుచున్నాము! ఇంగ్లీషువాడు మఱచినను తెలుగువాడు మఱవగూడని సూత్రమది. ‘పు ఛి’ అనగా తినలేదు కాదు, తినను. మఱి చివరనున్న ‘ల’ యో? అది భూతకాలము కానేకాదు. చీనా క్రియకు కాలము లేదు. వాక్యము చివర వచ్చిన ‘ల’ స్థితి మారినదని చెప్పును. మన ‘ఇక’ వంటిది. ‘పు ఛి ల’ అనగా – ఇక తినను, చాలు.

అంతతో మా ప్రశ్నలోని తప్పును కనబడెను. తింటివా అని అడుగవలసిన చోట ‘ల’ను విడిచి, భోజనము చేయుదువా అని అడిగితిమి. పాపము, అతడు తన్నెవరో భోజనమునకు పిలుచుచున్నారనుకొని మర్యాదగ వద్దనెను. ‘చాలు, ఇక తినను’ అనువాడు అంతకుముందే తినియుండవలెను గదా!

టీ గ్లాసు ఎక్కడ పెట్టితిమో జ్ఞప్తి లేదు. మేము పరుగెత్తునప్పటికి అతనిని చక్రముల మంచముమీద ఆపరేషను గది తలుపుదాక తెచ్చియుండిరి. మంచము పట్టుకొని, “నీ ఛి ల ఫాన్ మేయ్‌యౌ?” అని అడిగితిమి, భోజనము చేసితివా, లేదా?

“ఛి ల, ఛి ల,” అని రెండు వ్రేళ్లు చూపి, “ల్యాంగ్ వాన్” అనెను. తింటిని, రెండు గిన్నెలు.

వైద్యుడు మమ్మేమియు అనలేదు. కాగితము తెప్పించి, ముందు వ్రాసిన పంక్తిమీద అడ్డుగీత గీసి, క్రింద మఱియొక పంక్తి వ్రాసెను. కాలికి తాత్కాలికముగ కట్టు కట్టి, నొప్పికి సూది వేసి, శస్త్రచికిత్సను రాత్రికి వాయిదా వేసిరి. ఆ రాత్రి అంతయు సుఖముగనే జరిగెను. మేము మాత్రము ఇంటికి పోయి అన్నము ముట్టలేకపోతిమి. మా యింటావిడ రెండుమార్లు పిలిచినది. “తినను” అంటిమి; ఆ మాట నోటనుండి వెలువడగనే ఒడలు జలదరించెను.

ఓడ అతనిని విడిచి పోయెను. అతడు ఆసుపత్రిలోనుండిన దినములలో మేము ప్రతిసాయంకాలమును పోయి చూచుచుంటిమి. అతనికి మా తప్పు ఎన్నడును పూర్తిగ తెలియదు. చెప్పుటకు కావలసిన వాక్యములు మాయొద్ద లేకపోయెను. ఒకనాడు మందుల కాగితము వెనుక మన ఊరి పేరు వ్రాసి చూపెను. చీనాలో ‘వేయ్-షా-ఖా-ఫా-థ-నాన్’ అని ఆరు అక్షరములు. ధ్వనికై తెచ్చుకొన్నవే గాని ఒక్కొక్క అక్షరమునకు అర్థమున్నది: కట్టు, ఇసుక, చీటి, చేతిరుమాలు, విశేషము, దక్షిణము. చేతిరుమాలు ఎందుకు వచ్చినదని అడిగితిమి. మా చెమట చూచి పెట్టియుందురని సైగచేసి నవ్వెను.

తన భాషయే చీనా అంతయు కాదనియు అతనివలననే తెలిసినది. ప్రక్క మంచముమీదికి కడుపునొప్పితో వచ్చిన హాంకాంగు నావికుడు కాంటను మాటలాడెడివాడు. ఇరువురును మాటలతో పని జరుగక, అక్షరములు వ్రాసికొని ముచ్చటించిరి. వాక్యపు వరుసయును అంతట నొక్కటి కాదు. ‘నేను ముందు పోవుచున్నాను’ అనుటకు థ్యెన్‌చిన్ వాడు నేను, ముందు, పోవు అనును. కాంటనువాడు నేను, పోవు, ముందు అనును. విభక్తి లేనివారికి వరుసయే ప్రాణమంటిమి. ఆ వరుసలోనే అన్నదమ్ముల తగవు!

ఈ సందర్భమున హ్యూన్‌త్సాంగు తలపునకు వచ్చును. ఆ చీనా యాత్రికుడు ఏడవ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చి, ఇచటివారి భాషయు పలుకుతీరును మధ్యదేశమువారికంటె వేఱనియు, లిపి మాత్రము చాలవరకు ఒక్కటేయనియు వ్రాసియుంచెను. తన దేశమున ఒక లిపి క్రింద పలు భాషలను చూచినవాడగుటచే, ఇచట ఆ భేదము అతని చెవికి వెంటనే తగిలియుండునని మా ఊహ.

తుదకొక మాట. ఈ వ్యాసమంతట మేము ‘మేము’ అని వ్రాయుచున్నాము. ఇది రచయితల వాడుక. కాని మనకు ‘మనము’ అను మఱియొక మాటయు గలదు. వినువానిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. ఇంగ్లీషునకు ఈ భేదము లేదు, సంస్కృతమునకు లేదు, హిందీకి లేదు. మా పుస్తకములో ‘వొమెన్’ అను ఒక్క మాటయే తఱచుగ కనబడుటచే చీనాకును లేదనుకొంటిమి. థ్యెన్‌చిన్ వాడు మాత్రము అప్పుడప్పుడు ‘ౘాన్‌మెన్’ అనెడివాడు. మొదటి అక్షరము మన ‘చాప’లోని దంత్య చకారము. తన ఓడవారిని గూర్చి మాతో చెప్పునప్పుడు వొమెన్. చదరంగపు బల్లను ముందుకు జరిపి, ఆడుదమా అనునప్పుడు ౘాన్‌మెన్. పది దినములు విని, ఇది మన ‘మనము’ గదా అని ఒకనాడు గ్రహించితిమి. దక్షిణమున అమోయి రేవువారికిని ‘లాన్’, ‘గున్’ అని ఈ భేదమున్నదట. మనవారు బ్రతుకుతెరువునకు పోయిన మలయా రేవులలో ఆ భాష విరివిగ వినబడును. ఆ అంగళ్లలో బేరమాడిన తెలుగువారెవరైన ఈ పోలికను కనిపెట్టిరో లేదో!

అతడు స్వదేశమునకు పోవు దినమున విమానాశ్రయమునకు తీసికొనిపోవుటకు కారు వచ్చెను. చంకకఱ్ఱలు సరిచేసికొని, మంచము చుట్టును ఒకమారు చూచి, మావైపు తిరిగి, “ౘాన్‌మెన్ ౘౌ పా” అనెను. ‘ౘౌ’ అనగా నడచుట, పోవుట. చివరి ‘పా’ మనము ‘పోదము పద’ అనునప్పటి ‘పద’ వంటిది. ప్రయాణము అతనిది; మాకు ఆఫీసులో పని మిగిలియుండెను. మేము అతని సంచి భుజమున వేసికొని కారెక్కితిమి.